పాత పెట్రోల్ కారును ఎలక్ట్రిక్ చేయించుకోవాలంటే: లెక్క, కాగితాలు, పని వరస

"అన్నా, నా ఆల్టోను ఎలక్ట్రిక్ చేయిస్తే ఎంతవుతుంది?" నెలకు నలుగురైనా ఈ మాట అడుగుతున్నారు. అంకె ఒక్కటి చెప్పి ఊరుకోలేను. ఈ పనిలో చేతులు కాల్చుకున్నవాళ్లు నాకు కొంతమంది తెలుసు. వాళ్లలో ఎక్కువమంది ధర దగ్గర కాక వరస దగ్గర దెబ్బతిన్నారు. ముందు ఇంజన్ దింపించారు, తర్వాత కాగితాల కోసం ఆర్టీఏ చుట్టూ తిరిగారు. కారు షెడ్డులో, ఇంజన్ స్క్రాపులో, డబ్బు షెడ్డువాడి జేబులో.

సరైన వరస ఇది: లెక్క, కారు, కాగితం, బ్యాటరీ, ఇంట్లో కరెంటు. ఇంజన్ దించేది ఆ తర్వాతే. కింది మెట్లన్నీ ఆ వరసలోనే రాశాను. ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంత్రో సైజు సొంత పెట్రోల్ కార్లను, హైదరాబాద్ ధరలను దృష్టిలో పెట్టుకున్నాను. నిబంధనలు కేంద్రానివి కాబట్టి విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా పని ఒకటే. ఫీజులు, కరెంటు రేట్లు మాత్రం మారతాయి.

## 1. ముందు కాగితం మీద లెక్క

నాది 2013 ఆల్టో 800. వనస్థలిపురం నుంచి సికింద్రాబాద్ రానుపోను రోజుకు దాదాపు 40 కిలోమీటర్లు. నేను లెక్క వేసినప్పుడు హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు రూ.107 చిల్లర. ట్రాఫిక్‌లో ఆల్టో ఇచ్చింది 16.

- పెట్రోల్ మీద: 107 ÷ 16 = కిలోమీటరుకు సుమారు రూ.6.70
- కరెంటు మీద: చార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి కిలోమీటరుకు 0.13 యూనిట్. యూనిట్ రూ.9 వేసుకుంటే రూ.1.17
- మిగిలేది: కిలోమీటరుకు రూ.5.50

యూనిట్‌కు తొమ్మిది ఎందుకు వేశానంటే, నెలకు 130 యూనిట్లు అదనంగా కాలిస్తే ఇంటి మీటరు పై శ్లాబులోకి వెళ్తుంది. మామూలు రోజుల బిల్లు చూసి ఐదో ఆరో వేసుకుంటే లెక్క తప్పుతుంది.

ఏడాదికి 300 రోజులు, రోజుకు 40 కిలోమీటర్లంటే 12,000 కిలోమీటర్లు. మిగులు రూ.66,000. ఆయిల్, ఫిల్టర్లు, బెల్టులు లేవు కాబట్టి సర్వీసులో ఇంకో ఐదారు వేలు కలుపుకోండి. మార్పిడికి రూ.5 లక్షలైతే తిరిగి రావడానికి ఏడేళ్లు.

ఇదే లెక్క రోజుకు 20 కిలోమీటర్లకు వేస్తే పన్నెండు, పదమూడేళ్లు పడుతుంది. అప్పటికి ఆ కారు ఉండదు. రోజుకు 70-80 తిరిగేవాళ్లకు నాలుగేళ్లలో వచ్చేస్తుంది.

కాబట్టి నా మాట: రోజుకు 30 కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లు డబ్బు ఆదా కోసం ఈ పని పెట్టుకోవద్దు. 50 నుంచి 80 మధ్య తిరుగుతూ, రాత్రి ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకోగలిగినవాళ్లకే ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇంకో లెక్క కూడా పక్కనే వేయండి. పాత కారు అమ్మితే వచ్చే లక్షన్నరకు ఈ ఐదు లక్షలు కలిపితే ఆరున్నర. ఆ డబ్బుకు సెకండ్ హ్యాండ్‌లో కంపెనీ ఎలక్ట్రిక్ కారు ఏం వస్తుందో చూడండి. కొత్త టాటా టియాగో ఈవీలో చిన్న బ్యాటరీయే 19.2 యూనిట్లు (కిలోవాట్-అవర్లు), ఎంజీ కామెట్‌లో 17.3. మనం పాత కారులో పెట్టేది 15. తెలంగాణలో కొత్త ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు కూడా ఇచ్చారు. ఇవన్నీ చూశాక కూడా మీ కారు మీద మనసుంటే, బాడీ గట్టిగా ఉంటే రెండో మెట్టు ఎక్కండి.

## 2. మీ కారు పనికొస్తుందా?

ఆర్సీ తీసి చెల్లుబాటు తేదీ చూడండి. సొంత కారుకు మొదటిసారి 15 ఏళ్లిస్తారు. అందులో కనీసం నాలుగైదేళ్లు మిగిలి ఉండాలి. గడువు దగ్గరపడి ఉంటే ముందు రెన్యూవల్ చేయించండి. రేపు ఫిట్‌నెస్‌లో పోయే కారు మీద ఐదు లక్షలు పెట్టకూడదు.

తర్వాత తుప్పు. కారును లిఫ్ట్ ఎక్కించి, మందపాటి స్క్రూడ్రైవర్ పిడితో కింద పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టి రేకు టంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. అక్కడ మొనతో నొక్కితే పెయింట్ పెచ్చు ఊడి గోధుమరంగు పొడి రాలుతుంది. నా ఆల్టోకు వెనక ఎడమ చక్రం పైన, సస్పెన్షన్ బిగించేచోట అరచేయంత మేర ఇలాగే ఊడింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. బ్యాటరీ బరువు మోయాల్సింది ఆ భాగమే. కొత్త రేకు వేసి వెల్డింగ్ చేయించడానికి రూ.9,000 అయింది. దానికి భయపడనక్కర్లేదు, ముందే తెలియడం ముఖ్యం.

మిగతావి త్వరగా చూసుకోవచ్చు:

- మాన్యువల్ గేర్ కారైతే మేలు. ఆటోమేటిక్ జోలికి వెళ్లొద్దు.
- పవర్ స్టీరింగ్ ఎలక్ట్రిక్‌దైతే 12 వోల్టులతో అలాగే నడుస్తుంది. ఇంజన్ బెల్టుతో తిరిగే హైడ్రాలిక్‌దైతే వేరే పంపు పెట్టాలి, ఖర్చు పెరుగుతుంది.
- గేర్‌బాక్స్ చప్పుడు, డ్రైవ్ షాఫ్టుల కటకట ముందే బాగు చేయించాలి. ఇంజన్ మోత పోయాక అవన్నీ చెవిలో పెట్టినట్టు వినిపిస్తాయి.
- కారు మీద లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక అంగీకారం లేకుండా మార్పు చేయకూడదు.
- పాత చలాన్లన్నీ కట్టేయండి.

## 3. కాగితాలు: ఇంజన్ దించకముందే

ఇక్కడ ఓపిగ్గా చదవండి. మొత్తం పని దీని మీదే నిలబడుతుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు మారేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. పెట్రోల్ తీసి ఎలక్ట్రిక్ పెట్టాలంటే ఆమోదం పొందిన కిట్ (మోటారు, బ్యాటరీ, కంట్రోలర్ కలిసిన సెట్టు) మాత్రమే పెట్టాలి. ఆ ఆమోదం కిట్ తయారీదారు తెచ్చుకుంటాడు. దానికి ప్రమాణం ఏఐఎస్-123, మూడో భాగం. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. నాలుగు చక్రాల బండ్ల బ్యాటరీ భద్రతకు ఉన్న ప్రమాణం ఏఐఎస్-038, రెండో సవరణ.

చాలామంది దాటేసే విషయం ఒకటుంది. ఆ ఆమోదం ఫలానా కారు మోడల్‌కు అని ఇస్తారు. ఒక మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్‌ను తెచ్చి ఇంకో మోడల్‌లో బిగిస్తే ఆర్టీఏలో చెల్లదు.

నేను ఇక్కడే తప్పటడుగు వేశాను. నగర శివార్లలోని ఒక షెడ్డులో "సర్టిఫికెట్ ఉంది సార్, టెన్షన్ పడకండి" అంటే నమ్మి రూ.40,000 అడ్వాన్స్ ఇచ్చాను. వారం తర్వాత సర్టిఫికెట్ కాపీ గట్టిగా అడిగి తీసుకుని రెండో పేజీ చూస్తే, కారు పేరు దగ్గర వేరే మోడల్ ఉంది. నాది ఎక్కడా లేదు. అప్పటికి ఇంజన్ దించలేదు, అదొక్కటే అదృష్టం. నాలుగు నెలలు తిరిగితే రూ.25,000 వెనక్కొచ్చింది. ఆ కాపీ మొదటి రోజే చదివి ఉంటే పది నిమిషాల్లో తేలేది.

అడ్వాన్స్ ఇచ్చేముందు మీ చేతిలో ఉండాల్సినవి:

- పరీక్షా సంస్థ ఇచ్చిన ఆమోదపత్రం పూర్తి కాపీ. మొదటి పేజీ ఒక్కటే కుదరదు.
- అందులో మీ కారు మోడల్, వేరియంట్ పేరు.
- బిగించే షెడ్డుకు కిట్ తయారీదారు ఇచ్చిన అధికారపత్రం.
- ఇదే కిట్‌తో మన రాష్ట్రంలోనే మారిన ఒక కారు ఆర్సీ కాపీ. ఇంధనం దగ్గర ఎలక్ట్రిక్ అని ఉండాలి. పేరు, నంబరు కప్పేసి చూపించినా చాలు.
- ఆర్సీ మార్పు ఎవరి బాధ్యతో రాసిన ఒప్పందం. చివరి 20 శాతం డబ్బు ఆర్సీ మారాకే ఇస్తానని అందులో రాయించండి.

చివరి మాటకు ఒప్పుకోని షెడ్డుకు దండం పెట్టి వచ్చేయండి.

ఆ తర్వాత మీ ఆర్టీఏ ఆఫీసులో మార్పునకు ముందస్తు అనుమతి దరఖాస్తు పెట్టండి. బిగించడం పూర్తయ్యాక ఆలస్యం చేయకుండా ఆర్సీ, ఆమోదపత్రం, బిగించినవాళ్ల సర్టిఫికెట్, ఇన్సూరెన్స్‌తో బండి చూపించాలి. అనుమతి లేకుండా చేసిన మార్పునైనా 14 రోజుల్లో తెలియజేయాలని చట్టం చెబుతోంది. దాన్ని సాకుగా తీసుకుని ముందు బిగించేద్దాం అనుకోవద్దు. ఆమోదం లేని కిట్‌కు ఆ 14 రోజులు ఏ విధంగానూ పనికిరావు. ఇన్‌స్పెక్టర్ చూసి ఒప్పుకున్నాక ఆర్సీలో ఇంధనం మారుతుంది, ఇంజన్ నంబరు బదులు మోటారు నంబరు ఎక్కుతుంది. సొంత కారుకు ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు వస్తాయి. ఇక పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలిపి పాలసీలో మార్పు ఎక్కించుకోండి. కిట్ విలువ అందులో చేరకపోతే ప్రమాదంలో మీకొచ్చేది పాత ఆల్టో విలువే.

## 4. బ్యాటరీ: ఎంత, ఏ రకం, ఎక్కడ

ఖర్చులో సగం దాకా ఇదే. సైజు ఇలా తేల్చండి: రోజూ తిరిగే దూరానికి సగం కలపండి. దాన్ని 0.12తో గుణించండి, వచ్చినదాన్ని 0.85తో భాగించండి. రోజుకు 60 తిరిగితే 90 × 0.12 ÷ 0.85 = 12.7 యూనిట్లు. 15 యూనిట్ల ప్యాక్ హాయిగా సరిపోతుంది. మే నెలలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడినా 85-90 కిలోమీటర్లు వస్తాయి. మామూలు రోజుల్లో వంద దాటుతుంది.

"200 కిలోమీటర్లు వచ్చే ప్యాక్ పెట్టండి" అనేవాళ్లుంటారు. చిన్న కారు అంత బరువు మోయలేదు. సీట్ల నిండా మనుషులు కూర్చున్నాక మొత్తం బరువు ఆర్సీలో రాసిన స్థూల బరువు దాటకూడదు. ఊళ్లకు వెళ్లే కారు కావాలనుకుంటే ఈ పని మీకు కాదు.

రకం విషయంలో నేను ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) తప్ప ఇంకోటి ఒప్పుకోను. బరువు కాస్త ఎక్కువే అయినా ఎండను బాగా తట్టుకుంటుంది, మంటలంటుకునే ముప్పు ఎన్ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్) రకం కన్నా తక్కువ. ఒక్కో సెల్లు 3.2 వోల్టులు. 32 సెల్లులు వరసగా కలిపితే 102.4 వోల్టులు. 150 ఆంపియర్-అవర్ సెల్లులైతే మొత్తం 15.4 యూనిట్లు. పెట్టెతో కలిపి బరువు 130 కిలోల చుట్టుపక్కల ఉంటుంది.

ఎక్కడ పెట్టాలి? పెట్రోల్ ట్యాంకు తీసిన చోట, వెనక సీటు కింద, కొంత బానెట్ కింద సర్దడం మంచిది. మొత్తం డిక్కీలో పడేస్తే వెనక కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి. వానాకాలంలో బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది దాని ఫలితం.

ఒప్పందంలో ఈ మాటలు ఉండాలి: సెల్లు తయారీదారు పేరు, తయారైన నెల, కొత్త సెల్లులేనని హామీ, వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, సామర్థ్యం ఎంత శాతానికి పడితే మారుస్తారు. "మూడేళ్ల వారంటీ" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే బ్యాటరీ సగానికి పడిపోయినా "పనిచేస్తోంది కదా" అంటారు.

## 5. మోటారు, గేర్‌బాక్స్

ఆల్టో 800 పెట్రోల్ ఇంజన్ గరిష్ఠ శక్తి దాదాపు 35 కిలోవాట్లు. ఆ అంకె చూసి అంత మోటారు కావాలనుకోనక్కర్లేదు. సమతలం మీద గంటకు 80 కిలోమీటర్ల వేగానికి ఈ సైజు కారుకు 8-10 కిలోవాట్లు చాలు. ఆగకుండా 15 కిలోవాట్లు, కాసేపటికి 30 ఇచ్చే మోటారు ఫ్లైఓవర్లకు కూడా సరిపోతుంది. కొటేషన్‌లో పెద్దక్షరాలతో రాసేది ఆ "కాసేపటి" అంకె. మీరు అడగాల్సింది ఆగకుండా ఇచ్చేది.

పాత గేర్‌బాక్స్ ఉంచి, దానికి మోటారు కలపడమే చిన్న కార్లలో మామూలు పద్ధతి. ఆ రెంటి మధ్య వచ్చే అడాప్టర్ ప్లేటు, కప్లింగ్ చూడటానికి చిన్నవే, కానీ పని చెడేది అక్కడే. మోటారు షాఫ్టు, గేర్‌బాక్స్ షాఫ్టు ఒకే గీత మీద ఉండాలి. బాలానగర్‌లో మా ప్లేటు కోసిన లేత్ షాపులో పెద్దాయన మోటారు షాఫ్టుకు డయల్ గేజ్ (సన్నటి తేడాను సూదితో చూపే పరికరం) బిగించి చేత్తో నెమ్మదిగా తిప్పారు. సూది 0.12 మిల్లీమీటర్ల దాకా ఊగింది. "ఇది బిగిస్తే ఆర్నెల్లకు బేరింగు పోతది బాబూ" అని ప్లేటు మళ్లీ ఎక్కించి కోశారు. రెండోసారి సూది 0.04 దగ్గర ఆగింది. కిట్‌తో ప్లేటు వచ్చినా సరే, బిగించేముందు ఈ పరీక్ష మీ కళ్ల ముందు చేయమనండి. ఐదు నిమిషాల పని.

క్లచ్ ఉంచాలా, తీయాలా అన్నది కిట్ ఆమోదంలో ఎలా ఉంటే అలాగే. సొంత తెలివి వద్దు.

## 6. ఖర్చు చిట్టా

నేను తీసుకున్న కొటేషన్లు, తెలిసినవాళ్లకు అయిన ఖర్చు కలిపి చూస్తే చిన్న కారుకు ఇలా తేలింది:

- 15 యూనిట్ల ఎల్ఎఫ్‌పీ ప్యాక్, బీఎంఎస్ (సెల్లులను కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్), పెట్టెతో: రూ.2.10 లక్షల నుంచి 2.70 లక్షలు
- మోటారు, కంట్రోలర్ (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసేది): రూ.1 లక్ష నుంచి 1.40 లక్షలు
- చార్జర్, డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇచ్చేది): రూ.35,000 నుంచి 50,000
- అడాప్టర్, మౌంటులు, కేబుళ్లు, కాంటాక్టర్లు (హై వోల్టేజ్ లైనును కలిపి, తెంపే పెద్ద స్విచ్చులు), ఫ్యూజులు: రూ.40,000 నుంచి 60,000
- ఎలక్ట్రిక్ ఏసీ కంప్రెసర్, బ్రేకు వాక్యూమ్ పంపు: రూ.40,000 నుంచి 60,000
- కూలి: రూ.40,000 నుంచి 50,000
- బాడీ, సస్పెన్షన్, టైర్ల మరమ్మతు: కారును బట్టి రూ.10,000 నుంచి 30,000
- ఇంట్లో వైరింగ్: రూ.8,000 నుంచి 15,000

మొత్తం దాదాపు ఐదు నుంచి ఆరు ముప్పావు లక్షలు. ఇంకో పదిశాతం అదనంగా చేతిలో ఉంచుకోండి. పాత ఇంజన్, సైలెన్సర్, రేడియేటర్ అమ్మితే కొంత వస్తుంది. ఆర్సీ మారేదాకా ఇంజన్ మాత్రం అమ్మొద్దు.

మూడు లక్షల్లో చేసేస్తాం అన్నవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: ఏసీ ఉందా? బ్రేకు వాక్యూమ్ పంపు ఉందా? ఎక్కడ తగ్గించారో అక్కడే బయటపడుతుంది.

## 7. ఇంట్లో చార్జింగ్ ముందే సిద్ధం చేయండి

కారు ఇంటికొచ్చాక ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే వారం రోజులు ఎక్స్‌టెన్షన్ బాక్సుతో చార్జింగ్ పెడతారు. ప్లగ్గు కరిగేది ఆ వారంలోనే.

- మీ మీటరు నుంచి విడిగా లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు.
- 16 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్. మామూలు గీజర్ ప్లగ్గు ఆరేడు గంటల లోడుకు వేడెక్కుతుంది.
- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ (కరెంటు లీకైనా, లోడు మించినా లైను తెంపే బ్రేకర్).
- సరైన ఎర్తింగు. పాత ఇళ్లలో ఎర్తు పిన్ను ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. టెస్ట్ చేయించండి.
- 3 కిలోవాట్ల చార్జర్ తోడైతే శాంక్షన్డ్ లోడ్ (మీ మీటరుకు మంజూరైన పరిమితి) సరిపోతుందా చూసి, చాలకపోతే డిస్కమ్‌లో (కరెంటు ఆఫీసులో) అదనపు లోడ్‌కు దరఖాస్తు.
- అపార్ట్‌మెంటైతే సెల్లార్‌లో లైను వేయడానికి అసోసియేషన్ అనుమతి కాగితం మీద.

15 యూనిట్ల ప్యాక్ ఖాళీ నుంచి నిండడానికి ఐదారు గంటలు. రాత్రి పది దాటాక పెడితే తెల్లారేసరికి సిద్ధం.

## 8. షెడ్డులో పని వరస

బిగించేది శిక్షణ ఉన్నవాళ్లే. వంద వోల్టుల డీసీ మనిషిని చంపగలదు. మీరు స్పానర్ పట్టనక్కర్లేదు, కానీ ఏ మెట్టు తర్వాత ఏది జరగాలో మీకు తెలిసుండాలి. వారానికి రెండుసార్లు వెళ్లి ఫోటోలు తీసుకోండి.

మొదటి మెట్టు: తూకం. ఇంజన్ ఉండగానే వేబ్రిడ్జి దగ్గర మొత్తం కారు, తర్వాత ముందు చక్రాలు మాత్రమే, తర్వాత వెనక చక్రాలు మాత్రమే తూయించి చీటీలు దాచండి. మూడు తూకాలకు వంద రెండొందలకు మించి అవదు. పని అయ్యాక పోల్చడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

రెండో మెట్టు: ట్యాంకు. పెట్రోల్ మొత్తం తీసి, ట్యాంకు దించి ఆరుబయట పెట్టాలి. ఖాళీ ట్యాంకులోని ఆవిరే నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. అది షెడ్డులో ఉండగా గ్రైండర్ గానీ, వెల్డింగ్ గానీ ఆన్ చేయకూడదు.

మూడో మెట్టు: ఇంజన్, సైలెన్సర్, రేడియేటర్. విప్పేముందు ప్రతి వైరుకూ చీటీ కట్టించండి. స్పీడోమీటరు, లైట్లు, వైపర్లు, లాక్ అన్నీ పాత వైరింగ్ మీదే నడవాలి. చీటీలు లేకుండా విప్పిన కారులో చిన్న చిన్న తంటాలు నెలల తరబడి తెగవు.

నాలుగో మెట్టు: మోటారు. గేర్‌బాక్స్‌కు కలిపి, పాత రబ్బరు మౌంటుల మీదే కూర్చోబెట్టాలి. గేర్ ఆయిల్ కొత్తది పోయించండి.

ఐదో మెట్టు: బ్యాటరీ పెట్టెలు. నేల రేకుకు బోల్టులు కొడితే ఒప్పుకోవద్దు. అడుగు దూలాలకు, వెనక పలకలు పెట్టి బిగించాలి. పెట్టె నీరు చొరనిదై ఉండాలి. సెల్లుల మధ్య కదలిక ఉండకూడదు.

ఆరో మెట్టు: హై వోల్టేజ్ లైను. నారింజ రంగు కేబుళ్లే వాడాలి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, చేత్తో లాగి లైను తెంపే డిస్కనెక్ట్, కాంటాక్టర్, దానికి ప్రీచార్జ్ (ముందుగా కొద్దికొద్దిగా కరెంటు పంపే) ఏర్పాటు ఉండాలి. ప్రీచార్జ్ లేకుండా ఆన్ చేస్తే కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగి కాంటాక్టర్ ముక్కలు అతుక్కుపోతాయి. అతుక్కున్న కాంటాక్టర్ తాళం తీసినా లైను తెంపదు.

ఏడో మెట్టు: బ్రేకు. పెట్రోల్ కారులో బ్రేకు తేలిగ్గా ఉండేది ఇంజన్ వాక్యూమ్ వల్ల. ఇంజన్ పోతే అదీ పోతుంది. ఎలక్ట్రిక్ పంపు, చిన్న ట్యాంకు పెట్టాలి.

ఎనిమిదో మెట్టు: మెగ్గర్ పరీక్ష. హై వోల్టేజ్ లైనుకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ కొలవాలి. రీడింగ్ మెగా ఓమ్‌లలో రావాలి. రాకపోతే ఎక్కడో వైరు ఒరుసుకుంటోంది, అది దొరికేదాకా కారు కదలకూడదు.

తొమ్మిదో మెట్టు: మొదటి తిప్పుడు. చక్రాలు స్టాండ్ల మీద గాలిలో ఉండగా. ముందుకు, వెనక్కి సరిగ్గా తిరుగుతున్నాయని తేలాకే నేల మీదికి.

అన్నీ సవ్యంగా ఉంటే షెడ్డు పని రెండు, మూడు వారాలు. కాగితాలతో కలిపి మూడు నెలలు పెట్టుకోండి. ఆ మూడు నెలలు ఆఫీసుకు ఎలా వెళ్తారో ముందే చూసుకోవాలి.

## 9. తరచుగా వచ్చే తంటాలు, సవరణలు

బ్రేకు రాయిలా ఉంది. కారు ఆపేసి పెడల్ నాలుగుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి కారు ఆన్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ పంపు గానీ, పైపు గానీ, వన్ వే వాల్వు గానీ తేడా. ఇది చూసేదాకా రోడ్డెక్కొద్దు.

30 శాతం ఉండగానే కారు ఆగిపోతోంది. సాధారణంగా ఒక సెల్లు మిగతావాటికన్నా వెనకబడి ఉంటుంది. బీఎంఎస్‌లో ఒక్కో సెల్లు వోల్టేజ్ చూపించమనండి. నెలకు రెండుసార్లు పూర్తిగా నింపి, నిండాక కూడా రెండు గంటలు ప్లగ్గులోనే ఉంచితే సమం అవుతాయి. అయినా అదే సెల్లు పడిపోతుంటే వారంటీలో మార్పించండి.

ఒక వేగం దగ్గర కారు వణుకుతోంది. అడాప్టర్ అమరిక తేడా. చక్రాల బ్యాలెన్సింగ్ అంటూ తిప్పుతారు, మీరు డయల్ గేజ్ అడగండి.

స్పీడ్ బ్రేకర్‌కు అడుగు తగులుతోంది. తూకం చీటీలు తీయండి. వెనక బరువు పెరిగి ఉంటే స్ప్రింగులు మార్చాలి. రబ్బరు ముక్కలు ఇరికించి పంపిస్తే మూణ్ణెల్లకు మళ్లీ అదే.

ఎండలో పికప్ తగ్గింది. కంట్రోలర్ వేడెక్కి తనను తాను కాపాడుకుంటోంది. గాలి తగిలే చోటికి మార్చడమో, ఫ్యాను పెట్టడమో చేయాలి.

12 వోల్టుల బ్యాటరీ దిగిపోతోంది. డీసీ-డీసీ కన్వర్టర్ నుంచి వచ్చే వోల్టేజ్ కొలవండి. 13.5 పైన ఉండాలి.

## 10. డెలివరీ తీసుకునే రోజు

డబ్బు చేతిలో ఉండగానే ఇవి చూడండి:

- మళ్లీ మూడు తూకాలు, పాత చీటీలతో పోలిక
- బ్రేకు పెడల్ పరీక్ష
- నలుగురు కూర్చుని ఏదైనా ఫ్లైఓవర్ మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం
- హ్యాండ్ బ్రేకు ఒక్కదానితో ఎత్తులో నిలబడుతుందా
- పూర్తి చార్జ్ నుంచి 50 కిలోమీటర్లు నడిపి, ఎంత శాతం తగ్గిందో రాసుకోవడం
- డిస్కనెక్ట్ ఎక్కడుందో, ఎలా లాగాలో ఇంట్లో అందరికీ చూపించడం
- వైరింగ్ బొమ్మ, సెల్లు సీరియల్ నంబర్లు, మోటారు నంబరు, బిల్లులు, బిగించినవాళ్ల సర్టిఫికెట్
- ఆర్టీఏ స్లాట్ తేదీ

మొదటి 500 కిలోమీటర్లకు ఒకసారి, 1,000కి ఇంకోసారి బ్యాటరీ పెట్టె బోల్టులు, మోటారు మౌంటులు బిగింపు చూపించండి. హై వోల్టేజ్ కనెక్షన్లను మాత్రం షెడ్డువాళ్లే డిస్కనెక్ట్ లాగాక చూడాలి. ఎక్కడైనా వదులైతే అక్కడ వేడి పుట్టి కేబుల్ చివర రంగు మారుతుంది. మా కారుకు 500 దగ్గర ఒక లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు కొస) అలాగే నల్లబడి కనిపించింది. అక్కడికక్కడే మార్చి బిగించారు. ప్రతి నట్టు మీద పెయింట్ పెన్నుతో గీత గీయించుకున్నాను. ఇప్పుడు గీత పక్కకు జరిగిందా అని టార్చి వేసి చూస్తే చాలు.

వాన పడిన మొదటి రోజు ఇంటికి రాగానే పెట్టెల కింద చేయి పెట్టి చూడండి. లోపల తేమ ఉందన్న అనుమానం వస్తే ఆ రాత్రి చార్జింగ్ పెట్టకండి.